సుడిదోమ మూతి గుట్టు చెప్పే యంత్రం

హైదరాబాద్‌ ఆరాంఘర్‌ దాటి శంషాబాద్‌ విమానాశ్రయం వైపు సాగే దారిలో రాజేంద్రనగర్‌ ఉంది. అక్కడి భారతీయ వరి పరిశోధన సంస్థకు సుడిదోమ పాత శత్రువు. రైతులు దోమపోటు అనే ఈ చీడ పడితే పచ్చటి మడి సుడులు సుడులుగా ఎండిపోతుంది.

ఐదు మిల్లీమీటర్లు మించని ఈ పురుగు ముఖాన్ని భూతద్దంతో చూడాలి. మీసాలు కళ్లకు దిగువన ఉంటాయి. నుదుటిపై నిలువు గట్లు, వాటి కింద రసం పీల్చే కండరాలు. తొండం ఒరలో నాలుగు సూదులు. బయటి రెండూ దవడలు. లోపలి రెండూ ఒకదానికొకటి అతుక్కుని రెండు గొట్టాలవుతాయి. ఒకటి ఉమ్మిని దింపుతుంది, రెండోది రసాన్ని పైకి లాగుతుంది.

కాండంలో ఆ సూదులు ఏం చేస్తున్నాయో కంటికి కనబడదు. అందుకే పరిశోధకులు రెండో కొస పట్టుకున్నారు. బ్రోమోక్రెసాల్‌ గ్రీన్‌ అనే రంగు పూసిన కాగితం మొక్క మొదట్లో పరిచి, పురుగు విసర్జించే తేనెబంక పడ్డచోట ఏర్పడే నీలి మచ్చలను కొలిచారు. ఎంత తాగిందో తేలింది గానీ, తాగలేకపోతే ఎక్కడ ఆగిందో తేలలేదు.

దీనికి దారి 1964లో దొరికింది. కాలిఫోర్నియాలో మెక్‌లీన్‌, కిన్సీ బఠానీ పేనుబంక వీపుకు సన్నటి తీగ అంటించి, మొక్కను కలిపి సర్క్యూట్‌ కట్టారు. సూది మొక్కలో దిగగానే సర్క్యూట్‌ పూర్తవుతుంది, కరెంటు పారుతుంది. మొదటి యంత్రం ఆల్టర్నేటింగ్‌ కరెంటుతో నడిచి నిరోధంలో మార్పులనే చూపేది. 1978లో నెదర్లాండ్స్‌ శాస్త్రవేత్త ట్యాలింగీ డైరెక్ట్‌ కరెంటు వాడారు. దాంతో మొక్క, పురుగు పుట్టించే వోల్టేజీలు కూడా నమోదయ్యాయి. సూది కణంలోకి గుచ్చుకుంటే గ్రాఫ్‌ దిగుతుంది. ఉమ్మి వదలడానికో గీత, రసం పీల్చడానికో గీత.

ఇదే పద్ధతిని సుడిదోమపై వాడితే తేడా బయటపడింది. తట్టుకోలేని వరిలో సూది పోషక నాళాన్ని చేరి గంటలకొద్దీ తాగుతుంది. తట్టుకునే వరిలో మళ్లీ మళ్లీ గుచ్చుతుంది, నాళం దొరికినా ఎక్కువసేపు నిలవదు. చైనా శాస్త్రవేత్తలు 2009లో వేరుచేసిన బీపీహెచ్‌14 జన్యువు ఉన్న వరి, నాళాల్లో కాలోజ్‌ అనే పదార్థం నింపి దారి మూస్తుంది. 1986లో విడుదలైన సాంబ మసూరికి రుచి ఉంది గానీ, దోమను ఆపే శక్తి లేదు.

ఒక్కో పురుగుకు తీగ అంటించి గంటల తరబడి కూర్చోవాలి కాబట్టి వేల రకాలను ఈ యంత్రంతో జల్లెడ పట్టలేం. ఆ పని ట్రేలలోని నారుపై దోమను వదిలి చూసే పరీక్షదే. కారణం చెప్పడమే యంత్రం పని.

రైతు సోదరులారా, దోమను తట్టుకునే రకం ఎంచుకోండి. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయండి. యూరియా మోతాదు మించనివ్వకండి. పైరు పైన పచ్చగా ఉందని ఊరుకోక, దుబ్బు విడదీసి మొదలు చూడండి. సుడిదోమ మూతి పెట్టేది అక్కడే.