కారుకు కొత్త చక్రాలు: ఏ సైజు తగును?



మన పల్లెల్లో ముప్పయి యేండ్ల క్రితం కారు ఉన్న కుటుంబాలను వ్రేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇప్పుడు ఆదివారం ఆరాధన ముగిసేసరికి చర్చి బయట చెట్టు నీడన నాలుగైదు కార్లు నిలిచి ఉంటున్నవి. వాటిలో ఎక్కువ సెకండ్‌హ్యాండ్‌వే. కారు ఇంటికి వచ్చి నెల తిరక్కముందే ఇంట్లోని యౌవనస్థుడు అడిగే మొదటి కోరిక ఒకటి ఉన్నది. "నాన్నా, ఈ ఇనుప చక్రాలు తీసేసి అల్లాయ్ వీల్స్ వేయిద్దాం, పెద్ద సైజువి!" మా ఇంట్లోనూ అదే అడిగారు. మేము ఒప్పుకున్నాము. ఆ ఒప్పుకోవడం వల్ల ఏమి జరిగిందో, తరువాత ఏమి నేర్చుకున్నామో ఇక్కడ వ్రాస్తున్నాము.

మాది ఇబ్రహీంపట్నం. 2021లో ఒక పాత డిజైర్ కొన్నాము. దానికి 14 అంగుళాల ఇనుప చక్రాలు ఉండేవి. మరుసటి యేడు అమ్మాయి పెండ్లికి రెండు నెలల ముందు మా అబ్బాయి పట్టుబట్టి 17 అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించాడు. టైర్లతో కలిపి అరవై వేలు దాటింది. పెండ్లి ఖర్చులకని దాచిన సొమ్ములోనుంచే తీశాము. "ఈ సైజు అందరూ వేయించుకుంటున్నారండీ, మీటరులో కూడా తేడా రాదు" అని దుకాణంలో చెప్పారు. కారు చూడడానికి మాత్రం నిజంగానే అందంగా ఉండెను. వీధిలో పిల్లలు చుట్టూ చేరి చూశారు.

వారం తిరిగేసరికి చిన్న చిన్న చిక్కులు మొదలైనవి. ఐదుగురం కూర్చుని సామాను వేస్తే వెనుక టైరు పైరేకుకు రాసుకొని గరగరమనేది. స్టీరింగు బరువెక్కింది. వీధిలోని చిన్న గులకరాయి కూడా నడుముకు తెలిసేది. కొత్తవి గదా, సర్దుకుంటాయిలే అనుకున్నాము.

ఆ వర్షాకాలంలో మైలవరంలో ఒక బంధువు ఇంటికి పరామర్శకు వెళ్లి రాత్రివేళ తిరిగి వస్తున్నాము. 72 యేండ్ల మా అమ్మగారు వెనుక సీటులో ఉన్నారు. జి.కొండూరు దాటాక నీళ్లు నిండిన గుంత కనబడలేదు. ఒక్కటే దెబ్బ. ముందు ఎడమ చక్రం రిమ్ము వంగిపోయి గాలి మొత్తం దిగిపోయింది. సరే, స్టెప్నీ ఉన్నది గదా అని దిగాము. కొత్త చక్రాలు దొంగలు ఎత్తుకుపోకుండా ఒక్కో చక్రానికి ఒక్కో లాక్ నట్టు బిగించి ఉన్నారు. ఆ నట్టు విప్పే తాళం ఇంట్లో అలమారు సొరుగులో ఉండిపోయింది! మా తమ్ముని కొడుకు మోటారు సైకిలు మీద ఆ తాళం తెచ్చేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ మా అమ్మగారు వానలో, రోడ్డు ప్రక్కన, గొడుగు క్రింద నిలబడి ఉన్నారు. చీకట్లో లారీలు మా మీదికే వస్తున్నట్లు ఉండెను. థర్మల్ స్టేషన్ బూడిద లారీలు, రాతి లారీలు తిరిగే రోడ్డు అది. మన ప్రాంతము వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి తల తుడుచుకుంటూ మనవడితో ఒక్క మాట అన్నారు. "మీ తాత బండి కట్టించినప్పుడు వడ్రంగి ముందు ఇరుసు చూశాడు గానీ చక్రం అందం చూడలేదురా." ఆ తరువాత చాలా రోజులు ఆమె ఆ కారు ఎక్కలేదు.

వంగిన రిమ్ము తీసుకొని విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద వయసు మెకానిక్కు వద్దకు వెళ్లాము. 1960లలో లారీ పనులవారి కోసం వెలసిన ఆ ఆటోనగర్‌లో ఇప్పటికీ ఇటువంటి పెద్దలు ఉన్నారు. ఆయన మా అబ్బాయిని తిట్టలేదు. ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, సుద్దముక్క తీసుకొని నేల మీద లెక్క వేసి చూపించారు. ఆ లెక్క పదవ తరగతి చదివినవారు ఎవరైనా చేసుకోవచ్చును.

మా పాత టైరు మీద 165/80 ఆర్ 14 అని ఉన్నది. 165 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే ఆ వెడల్పులో టైరు ప్రక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకె. 165లో 80 శాతం 132 మిల్లీమీటర్లు. చివరి 14 రిమ్ము అంగుళాలు. అంగుళానికి 25.4 చొప్పున 355.6 మిల్లీమీటర్లు. రిమ్ముకు పైన ఒక గోడ, క్రింద ఒక గోడ ఉంటాయి గనుక 132ను రెండింతలు చేసి కలిపితే చక్రం మొత్తం ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు వస్తుంది.

మేము వేయించిన టైరు 205/45 ఆర్ 17. అదే లెక్క వేస్తే 616 వచ్చింది. అంటే దుకాణం వారు చెప్పినదానిలో అబద్ధం లేదు. ఎత్తు ఇంచుమించు సరిపోయింది, మీటరులో తేడా లేదు. మరి తప్పు ఎక్కడ? ప్రక్కగోడ 132 నుంచి 92కు పడిపోయింది. నలభై మిల్లీమీటర్ల రబ్బరు, దానిలోని గాలి పోయి, ఆ చోటులోకి లోహం వచ్చింది. గుంతలో పడ్డప్పుడు దెబ్బను మ్రింగేది ఆ రబ్బరూ గాలీయే. అది లేకపోతే దెబ్బ రిమ్ముకు, రిమ్ము నుంచి బేరింగుకు, చివరికి కూర్చున్నవారి నడుముకు వెళ్లును. పైగా వెడల్పు నలభై మిల్లీమీటర్లు పెరిగింది. అందుకే పైరేకుకు రాసుకున్నది. ఎత్తు సరిపోతే సైజు సరిపోయినట్లే అని చెప్పేవారి మాటలో సగమే నిజమున్నదని మాకు అప్పుడు అర్థమైంది.

ఇదే డిజైర్‌లో ఎక్కువ ధర రకానికి కంపెనీ వారే 15 అంగుళాల చక్రం, 185/65 ఆర్ 15 టైరు ఇచ్చారు. లెక్క వేయండి: ప్రక్కగోడ 120, మొత్తం ఎత్తు 621.5. పాతదానికీ దీనికీ ఎత్తులో రెండు మిల్లీమీటర్ల తేడా, గోడలో పన్నెండే. పెద్దాయన చెప్పిన సూత్రం ఇంతే. మీ కారులోనే పై రకానికి కంపెనీ ఏ సైజు ఇచ్చిందో అదే మీ హద్దు. అంతకు మించి మన రోడ్ల మీద వద్దు. హైదరాబాదు హైవే ఒక్కటే రోడ్డు అయితే వేరే సంగతి. మనము పొలాల దారులకు, కాలువ కట్టలకు కూడా పోవలసినవారము.

ఎత్తు మారితే ఏమి నష్టమని కొందరు అడుగుతారు. ఇన్నోవా నుంచి తీసిన టైర్లు చవకగా దొరికినవని ఒకరు తమ 15 అంగుళాల రిమ్ములకు వేయించబోయారు. పాత ఇన్నోవా సైజు 205/65 ఆర్ 15, ఎత్తు 647.5. డిజైర్ చక్రం కంటే నాలుగున్నర శాతం ఎక్కువ. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో చూసి మీటరు వేగం చెప్పును గనుక, మీటరు 80 చూపేటప్పుడు బండి 84 దగ్గర పోవుచుండును. ఎత్తు తేడా మూడు శాతం దాటకూడదన్నది ఈ పని తెలిసినవారి మాట.

టైరు సైజు ప్రక్కనే ఇంకొక అంకె, ఒక అక్షరం ఉంటాయి. ఆ అంకె ఒక్కో టైరు మోయగల బరువుకు గుర్తు. 84 అంటే 500 కిలోలు, 85 అంటే 515, 88 అంటే 560. మా పాత టైరుది 85, కొన్న కొత్తదానిది 84. తేడా చిన్నదే. కానీ నిండు మనుషులతో గుంతలో పడ్డప్పుడు ఒక్క చక్రం మీద పడే బరువు చిన్నది కాదు. కంపెనీ ఇచ్చిన అంకె కంటే తగ్గించవద్దు.

ఇక రిమ్ము. నాలుగు బోల్టుల చక్రమైతే ఎదురెదురు బోల్టుల మధ్య నుంచి మధ్యకు కొలవండి. డిజైర్, స్విఫ్ట్‌లకు 100 మిల్లీమీటర్లు ఉండాలి. కొన్ని ఫియట్ కార్లకు 98, ఫోర్డ్ ఫిగోకు 108. 98కీ 100కీ తేడా కంటికి కనబడదు. నట్టు బలవంతంగా ఎక్కుతుంది కూడా. ఎక్కింది గదా అని సంతోషించవద్దు. వంకరగా పట్టిన నట్టు ఎప్పుడు వదులవుతుందో ఎవరికీ తెలియదు. రిమ్ము నడుమ రంధ్రం కూడా హబ్బు మీద బిగువుగా కూర్చోవాలి. డిజైర్‌కు అది 54.1 మిల్లీమీటర్లు. బయటి అల్లాయ్ చక్రాలు అన్ని కార్లకూ పనికివచ్చేటట్లు పెద్ద రంధ్రంతో వస్తాయి. అప్పుడు మధ్యలో ఒక రింగు వేయించాలి. వేయకపోతే ఎనభై దాటగానే స్టీరింగు వణకవచ్చు. చాలామంది అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు మళ్లీ మళ్లీ చేయించి డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

రిమ్ము లోపలికి ఎంత కూర్చుంటుందో చెప్పే ఆఫ్‌సెట్ అనే అంకె మరొకటి ఉన్నది. అది కంపెనీదానికి దగ్గరగా ఉండాలి. చక్రం బయటికి పొడుచుకువస్తే బేరింగు మీద భారం పెరుగుతుంది, బురద తలుపుల మీదికి ఎగురుతుంది. చూపుకు గంభీరంగా ఉన్నదని కొందరు కావాలనే అలా పెట్టిస్తారు. మాకు ఆ రుచి అర్థం కాదు.

ఒకసారి పగిలి వెల్డింగు చేసిన అల్లాయ్ రిమ్ము ఎంత చవకగా ఇచ్చినా కొనవద్దు. ఇనుప రిమ్ము వంగితే సరిచేయవచ్చు, అల్లాయ్ పగిలితే ఇక అంతే. పాత టైర్లు కొనేవారు ప్రక్కగోడ మీద నాలుగంకెల ముద్ర చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని అర్థం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే అరిగితే చట్ట ప్రకారం ఆ టైరు రోడ్డెక్కకూడదు.

చట్టం మాట వచ్చింది గనుక ఇదీ తెలుసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా, కేరళ నుంచి వచ్చిన కేసులో, ఆ సంగతినే గట్టిగా చెప్పింది. చక్రాలు మార్చే ముందు ఇన్సూరెన్సు కంపెనీని అడిగి, జవాబు వ్రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

మా 17 అంగుళాల చక్రాలలో వంగినది పోగా మిగిలిన మూడింటినీ వచ్చిన ధరకు వదిలించుకున్నాము. పోయిన సొమ్ము ఎంతో ఇంట్లో ఎవరమూ లెక్క వేయలేదు, వేయాలని కూడా అనుకోలేదు. 185/65 ఆర్ 15 టైర్లు, అదే కారు పై రకం నుంచి తీసిన కంపెనీ రిమ్ములు పెట్టించాము. బేరమాడినది మా అబ్బాయే. టేపు, కాగితం, పెన్సిలు జేబులో పెట్టుకొని వెళ్లాడు. బోల్టులు, రంధ్రం, టైరు ముద్ర అన్నీ తానే చూసి అప్పుడు డబ్బు తీశాడు.

మా అమ్మగారు క్రమేణా మళ్లీ కారు ఎక్కుతున్నారు. లాక్ నట్టు తాళం ఇప్పుడు స్టెప్నీకి తాడుతో కట్టి ఉంటుంది. అయినా బయలుదేరే ప్రతిసారీ ఆమె తలుపు వేసుకోకుండా ఆగి, "ఆ తాళం ఉందా అబ్బాయ్?" అని అడుగుతారు. వాడు దిగి, డిక్కీ తెరిచి, చూపించి వచ్చాకనే మేము కదులుతాము.