చెరువు ఒడ్డున ఒక రాత్రి: పిల్లల్ని పంపే ముందు



చలికాలం రాగానే పిక్నిక్ మాట మొదలవుతుంది. ఈమధ్య దానికి ‘క్యాంపింగ్’ తోడైంది. మక్కచేను కాడ మంచె ఎక్కి అడవి పందులను కాసిన తాతలున్న ఊళ్లు మనవి. టెంట్ కింద పడుకోవడానికి పైసలు కట్టడమేంటని మీకు నవ్వు రావచ్చు. కానీ ఆ తాతల మనవళ్లు కరెంటు పోతే క్లాసులో పది నిమిషాలు కుదురుగా కూర్చోలేకపోతున్నారు. వాళ్లు ఒక్క రాత్రయినా చెరువు, అడవి, చీకటి చూడాలని ఒక టీచర్‌గా నా అభిప్రాయం. స్కూల్ తీసుకెళ్లినా, వేరే ఎవరు తీసుకెళ్లినా, ఫారం మీద సంతకం పెట్టే ముందు కొన్ని విషయాలు అడగండి.

మనకు అందుబాటులో ఉన్న మంచి చోటు పోచారం. మెదక్, కామారెడ్డి జిల్లాల సరిహద్దులో 1922 నాటికి పూర్తయిన చెరువు, దాన్ని ఆనుకుని అడవి. ఒకప్పుడు నిజాం వేటకు వచ్చిన ఈ అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. చుక్కల దుప్పులు, మనుబోతులు, కొండగొర్రెలు, ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి. చలికాలంలో తల మీద రెండు నల్ల చారలుండే బాతులు హిమాలయాలు దాటి ఈ నీళ్లకు వస్తాయి. మీ పిల్లల సైన్స్ పుస్తకంలోని ‘వలస’ పాఠం అక్కడ కళ్ల ముందే ఉంటుంది.

అభయారణ్యంలో ఎక్కడపడితే అక్కడ టెంట్ వేయడం కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం లోపలికి వెళ్లడానికి అటవీశాఖ అనుమతి కావాలి. నిప్పు పెట్టడం నేరం. కాబట్టి ‘క్యాంప్ ఫైర్, డీజే’ అని బ్రోచర్‌లో రంగుల ఫొటో కనిపిస్తే అనుమతి కాగితం చూపించమనండి. ఎండిన టేకు ఆకుకు ఒక్క నిప్పురవ్వ చాలు.

అన్నిటికంటే ముఖ్యం నీళ్లు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో, హైదరాబాద్ నుంచి టూర్‌కు వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లు ఈతకు దిగలేదు, ఫొటోలు దిగుతున్నారు. ఎగువనున్న లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు ఒక్కసారిగా మీదికొచ్చాయి. మన శ్రీరాంసాగర్ దిగువన గోదావరిలో కూడా, ఎండిన రాళ్లు కనిపించాయని నమ్మి దిగడానికి లేదు. చెరువుల ప్రమాదం వేరు. మట్టి తవ్విన గుంతలు నీటి కింద కనిపించవు. మోకాలి లోతులో నడుస్తున్న పిల్లవాడు తర్వాతి అడుగులో మునిగిపోవచ్చు. బావిలో ఈత నేర్చినవాడికైనా బురదలో కాలు దిగబడితే, ఒంటి మీద బట్టలు తడిసి బరువెక్కితే కష్టమే. ఇంకొకటి, మునిగే పిల్లలు సినిమాలో చూపించినట్టు కేకలు వేయరు. ఊపిరే అందనప్పుడు అరుపు ఎలా వస్తుంది? పక్కనున్న వాళ్లకు కూడా తెలియదు.

అందుకే నిర్వాహకులను సూటిగా అడగండి. టెంట్లు నీటికి ఎంత దూరం? ఒడ్డున వేరే పని లేకుండా కాపలా ఉండేదెవరు? తలలు లెక్కపెట్టేది ఎన్ని గంటలకొకసారి? రాత్రి టెంట్ దాటి వెళ్లాలంటే తోడెవరు? ‘ఈత వచ్చిన వాళ్లనే దింపుతాం’ అని జవాబు వస్తే పంపకండి. ఎవరినీ దింపకూడదు.

టాయిలెట్ సంగతి మనం మొహమాటపడి అడగం. బాగా లేదని తెలిస్తే ఆడపిల్లలు పొద్దంతా నీళ్లు తాగకుండా ఉంటారు. ఇది స్కూల్లో కూడా చూస్తున్నాం. లేడీ టీచర్లు ఎంతమంది వస్తున్నారో తెలుసుకోండి. దగ్గరి ఆసుపత్రిలో పాము విషానికి ఇంజెక్షన్ ఉందా, అక్కడ ఫోన్ సిగ్నల్ అందుతుందా అన్నవి కూడా.

సామానుకు కొత్తవేవీ కొనక్కర్లేదు. చలి ఎక్కువగా నేల నుంచే ఎక్కుతుంది కాబట్టి పైన రెండు దుప్పట్ల కంటే కింద మందపాటి జంపఖానా మేలు. వేళ్లు మూసే బూట్లు, టార్చి ఇవ్వండి. పొద్దున బూట్లు దులిపి వేసుకోమని చెప్పండి, తేళ్లుంటాయి.

ఆయాసం, ఫిట్స్ ఉంటే ఫారంలో రాయండి. రాత్రి పక్క తడిపే అలవాటుంటే క్లాస్ టీచర్‌కు విడిగా చెప్పండి. పన్నెండేళ్ల పిల్లల్లో కూడా ఇది ఉంటుంది. మాకు తెలిస్తే పడుకునే ముందు, నడిరాత్రి ఒకసారి లేపుతాం, పక్కవాళ్లకు తెలియనివ్వం.