సుకుమారచర్మమునకు మృదువైన ఆమ్లము

యౌవనారంభమున ముఖముపై మొటిమలు లేచుట ప్రకృతిధర్మము. అది పాపఫలమును గాదు, అశుచికి గుఱుతును గాదు. అయినను పెండ్లిచూపులనాడును, పదిమంది కూడిన పేరంటమునను మొటిమలు గల కన్యక తల వంచుకొని కూర్చుండుట మనమెల్లరము ఎఱిగినదే. అది చూడలేక తల్లి సెనగపిండి పెట్టి గట్టిగా రుద్దును. మేనత్త నిమ్మచెక్క రాయుమనును. పొరుగింటి వదినగారు అంగడిలో దొరకు ఏదో తెల్లని క్రీము పేరు చెప్పును. అందఱును మేలు కోరినవారే. కాని కొన్ని నెలలకు మొటిమలు పోకపోగా, వాని ప్రక్కన నల్లమచ్చలును, ఎఱ్ఱదనమును, మంటయు చేరును.

మొటిమలతోపాటు చర్మము గూడ సుకుమారమైనచో చిక్కు రెండింతలగును. మొటిమకు మందు పూసిన చర్మము మండును. మంటకు జడిసి ఊరకుండిన మొటిమలు హెచ్చును. ఇట్టివారికి ఇటీవల మందుల దుకాణములలో దొరకుచున్న మృదువైన ఆమ్లపు సీరము కొంత మేలు చేయగలదు. సీరమనగా నీటివలె పలుచనై, బొట్లుబొట్లుగా వాడదగిన పూత. దాని గుణమేమి, దానిని ఎట్లు వాడవలెను, ఎవరు వాడరాదు అను సంగతులను జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల సోదరీమణుల జీవనమును దృష్టియందుంచుకొని ఇచ్చట వివరింపబూనితిమి.

ఆమ్లమన్న భయమేల?

ఆమ్లమనగానే బట్టను కాల్చు ద్రావకము మనకు స్ఫురించును. కాని పులుపు గల ప్రతి వస్తువునందును ఆమ్లమే యున్నది. జనగామ చెంతనున్న పెంబర్తి గ్రామము ఇత్తడిపనికి ప్రసిద్ధము. ఇత్తడిబిందె నల్లబడినప్పుడు ఇసుకతో తోమినచో గీతలు పడును. చింతపండుతో తోమినచో చిలుము కరగిపోయి, గీతలు లేకయే బిందె మెఱయును. ఇసుక చేయునది రాపిడి. చింతపండు చేయునది కరగించుట. ముఖముపై గరుకుపిండి రుద్దుటకును, మృదువైన ఆమ్లము పూయుటకును గల భేదమిట్టిదే. అయితే చర్మము లోహము గాదు, ప్రాణము గల వస్తువు. కావున చింతపండు మొదలగువానిని ముఖమునకు రాయుమని మా భావము గాదు.

1780 లో స్వీడను దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు షీలే పులిసిన పాలనుండి లాక్టిక్ ఆమ్లమును వేఱుచేసెను. మన పెరుగునకు పులుపునిచ్చునది అదియే. 1831 లో జర్మను దేశీయుడగు వింక్లరు చేదుబాదముల సారమునుండి మాండెలిక్ ఆమ్లమును సాధించెను. జర్మను భాషలో బాదమునకు మాండెల్ అని పేరు. 1974 లో అమెరికాయందు వాన్ స్కాట్, యూ అను ఇరువురు శాస్త్రజ్ఞులు పొలుసులు గట్టు చర్మవ్యాధులకు ఇట్టి ఆమ్లములు మేలు చేయుటను ప్రకటించిరి. ఆ పిమ్మటనే ఇవి ముఖపు పూతలలో విరివిగా చేరినవి.

మన చర్మము పైభాగము సహజముగనే కొంచెము ఆమ్లగుణము గలది. ఆమ్లక్షారములను కొలుచు మానమున 7 మధ్యస్థము. అంతకు తక్కువైన ఆమ్లము, ఎక్కువైన క్షారము. ఆరోగ్యముగల చర్మము ఇంచుమించు 5 చెంత నుండును. సామాన్యపు సబ్బు 9, 10 ల చెంత నుండును. మొటిమలు పోవునను నమ్మికతో దినమునకు నాలుగైదు సారులు సబ్బుతో కడిగిన ముఖము బిగిసి మండుటకు కారణమిదియే.

మొటిమ పుట్టు విధము

చర్మపు అడుగుపొరలో నిత్యము క్రొత్తకణములు పుట్టి మెల్లగా పైకి వచ్చుచుండును. పైకి చేరునప్పటికి అవి జీవము కోల్పోయి, పొరలుగా పేరుకొని, తుదకు కంటికి కనబడకుండ రాలిపోవును. ఈ ప్రయాణమునకు నెలదినములు, లేక అంతకంటె కొంచెమెక్కువ పట్టును. మొటిమలు లేచువారి రోమకూపములలో ఈ మృతకణములు సరిగా రాలక, జిడ్డుతో గలిసి, సీసాకు బిరడావలె అడ్డుపడును. బిరడా వెనుక జిడ్డు నిలిచి, అందు సూక్ష్మజీవులు పెరిగి, వాపును ఎఱ్ఱదనమును గలుగును. మనవంటి చామనచాయ చర్మమున వాపు తగ్గిన పిదపగూడ నల్లమచ్చ నెలల తరబడి నిలుచును. గిల్లినను, రుద్దినను ఆ మచ్చ మఱింత గాఢమగును.

మృదువైన ఆమ్లము మృతకణములను ఒండొంటితో పట్టియుంచు బంధములను సడలించును. అందుచే అవి రాపిడి లేకయే రాలును, బిరడాలు వదులగును, మచ్చగల పైపొర క్రమముగా మాఱును. ఇంతకు మించి దానియందు మహిమ లేదు. ఇది శరీరచ్ఛాయను మార్చు మందు గాదు. నల్లనివారిని తెల్లనివారిని చేయదు.

ఏ ఆమ్లము మేలు?

అంగడిలో దొరకు సీరములపై పలు ఆమ్లముల పేర్లుండును. గ్లైకాలిక్ ఆమ్లపు అణుభారము 76. లాక్టిక్ ఆమ్లమునకు 90. మాండెలిక్ ఆమ్లమునకు 152. చిన్న అణువు చర్మములోనికి త్వరగా దిగి ఎక్కువ మంట పుట్టించును. పెద్ద అణువు మెల్లగా దిగును. కావున సుకుమారచర్మము గలవారు మాండెలిక్ ఆమ్లముతో గాని, తక్కువ పాలు గల లాక్టిక్ ఆమ్లముతో గాని మొదలిడుట యుక్తము. సాలిసిలిక్ ఆమ్లము జిడ్డులో కరగును గనుక రోమకూపములలోనికి చొరగలదు, అది 0.5 మొదలు 2 శాతము వఱకు వాడుకలో నున్నది. ఆస్పిరిన్ పడనివారు వైద్యుని అడుగక దీనిని ముట్టరాదు.

5 శాతముతో ఆరంభించుట మంచిది. గ్లైకాలిక్, లాక్టిక్ ఆమ్లములు ఇంటివాడుక పూతలలో 10 శాతమునకు మించరాదనియు, ఆమ్లమానము 3.5 కంటె తగ్గరాదనియు అమెరికాలోని సౌందర్యద్రవ్య పరీక్షకులగు నిపుణులు నిర్ణయించియున్నారు. పెద్ద అంకె గల సీసా ఎక్కువ మేలు చేయునను భ్రమతో 30 శాతపు ద్రావకములను ఇంట వాడుట ప్రమాదకరము.

ఆమ్లమే కావలసినచో ఇంటి నిమ్మకాయ చాలదా యని కొందఱడుగుదురు. చాలదని గాదు, మితిమీఱును. మనము చెప్పిన మానమున నిమ్మరసము 2 చెంత నుండును. ఆ మానములో ఒక్క అంకె తగ్గినచో ఆమ్లబలము పదింతలగును. అనగా 5 చెంతనున్న చర్మముకంటె నిమ్మరసపు బలము సుమారు వేయిరెట్లు. అదియుగాక, నిమ్మరసము తగిలిన చోట ఎండ సోకినచో బొబ్బలును, నెలలపాటు మానని నల్లచారలును ఏర్పడవచ్చును. పెరుగు అంత హానికరము గాదు గాని, దాని పులుపు దినదినమునకు మాఱుచుండును గనుక దానిపై ఆధారపడుట కుదరదు. బాదంపప్పు నూరి పూసినంతమాత్రమున మాండెలిక్ ఆమ్లము లభింపదు.

వాడవలసిన విధము

తొలుత చెవి వెనుక గాని, మోచేతి లోపలి వైపున గాని ఒక్క బొట్టు పూసి రెండు దినములు చూడవలెను. దద్దుగాని, దురదగాని, విడువని మంటగాని లేనిచో ముఖమునకు పూయవచ్చును.

రాత్రి పడుకొనుటకు ముందు మృదువైన సబ్బుద్రవముతో ముఖము కడిగి, మెత్తని బట్టతో అద్ది, పూర్తిగా ఆఱనీయవలెను. తడి చర్మముపై ఆమ్లము ఎక్కువగా మండును. పిదప రెండు మూడు బొట్లు మాత్రము వ్రేళ్లతో పలుచగా పూయవలెను. కనుఱెప్పలకును, పెదవులకును, ముక్కు మూలలకును, పగిలిన మొటిమలకును తగులనీయరాదు. కొంతసేపటికి సువాసనలు లేని మాయిశ్చరైజరును పూసికొనవలెను. మొదటి రెండు వారములు వారమునకొక రాత్రి, పిమ్మట రెండు రాత్రులు, చర్మము ఓర్చుకొన్నచో మూడు రాత్రులు. సుకుమారచర్మమునకు ఇంతకు మించి అక్కఱలేదు.

క్షణకాలపు చిమచిమ సహజము. మంట నిలిచినను, చర్మము ఎఱ్ఱనై పొలుసులు లేచినను వెంటనే మాని, చల్లని నీటితో కడిగి, చర్మము కుదుటపడువఱకు మాయిశ్చరైజరు తప్ప వేఱేమియు పూయరాదు. మొటిమలకు వైద్యులిచ్చు రెటినాయిడు, బెంజాయిల్ పెరాక్సైడు మందులను ఇదే రాత్రి కలిపి వాడరాదు. కనుబొమలు దిద్దించుకొన్న నాడును, ముఖరోమములు తీయించుకొన్న నాడును సీరమును మానవలెను.

ఆమ్లము వాడిన చర్మము ఎండకు త్వరగా కందును. వాడుక మానిన వారమువఱకును ఈ గుణముండును. కావున పగటివేళ ఎస్పీఎఫ్ 30 గాని అంతకెక్కువ గాని గల సన్‌స్క్రీనును పూసికొని, దానిపై కొంగో, గొడుగో అడ్డుపెట్టుకొనవలెను. ఎండనుండి కాపుదల చేసికొనలేనివారు ఈ సీరమును ఆరంభింపకుండుటయే మేలు. లేనిచో మచ్చలు తగ్గుటకు మాఱుగా హెచ్చును.

మన ప్రాంతపు విశేషములు

ఈ జాగ్రత్తలు మన జీవనమున ఎట్లు అమరునో చూతము. 2016 లో జిల్లాలుగా ఏర్పడిన ఈ మూడు సీమలలో ఒక్కొక్కదాని తీరు వేఱు. జనగామ మెట్టభూములలో ప్రత్తిచేల పనికి పోవు సోదరీమణులు దినమెల్ల ఎండలో నుందురు. వారు పనిదినములలో సీరమును మాని, తల ముఖములను బట్టతో కప్పుకొనుటయే మొదటి మందు.

మహబూబాబాదు, అనగా మన మానుకోట సీమలో మిరప విస్తారముగా పండును. మిరపకాయలు కోసిన చేతితో ముఖము తాకినచో మంట పుట్టును. ఆ ఘాటు నీటిలో సరిగా కరగదు. చేతులకు నూనె రాచి, పిదప సబ్బుతో కడిగినచో వదలును. అట్లు మండిన ముఖమునకు ఆ రాత్రి ఆమ్లము సోకనీయరాదు.

భూపాలపల్లియందు సింగరేణి గనులును, చేరువనున్న చెల్పూరున విద్యుత్కేంద్రమును గలవు. బొగ్గుధూళి పడిన ముఖమును పీచుతో రుద్దవలెనని తోచుట సహజము. కాని రాపిడిచే మొటిమలు రేగును. మృదువైన సబ్బుద్రవముతో రెండుమాఱులు మెల్లగా కడిగిన చాలును.

తెల్లని క్రీముల అపాయము

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక యొకటి గలదు. వారములో తెల్లబడుదురని చెప్పి అమ్ము క్రీములలో పెక్కింట స్టెరాయిడు మందుండును. మొదట మొటిమలు అణగి ముఖము తేటపడినట్లు తోచును. కొన్ని నెలలకు చర్మము పలుచనై, రక్తనాళములు బయటపడి, రోమములు మొలచి, మొటిమలు మునుపటికంటె హెచ్చుగా లేచును. క్రీము మానిన మంటకు తాళలేక మరల దానినే పూయుదురు. 2011 లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, మన దేశమున 12 చోట్ల ముఖచర్మవ్యాధులతో వచ్చిన 2926 మందిని విచారింపగా, 433 మంది ముఖమునకు స్టెరాయిడు పూతలు వాడుచుండిరని తేలెను. 2018 లో కేంద్రప్రభుత్వము 14 విధముల స్టెరాయిడు పూతలను వైద్యుని చీటీ లేక అమ్మరాదని ఉత్తరువు చేసెను. గొట్టముపై బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ అను పేర్లలో ఏది యున్నను, వైద్యుడు చెప్పక ముఖమునకు పూయరాదు. ఇదివఱకే నెలలుగా పూయుచున్నవారు దానిపై ఆమ్లపు సీరమును చేర్చరాదు. తమంత తామే ఏదియు నిర్ణయింపక వైద్యుని దర్శింపవలెను.

గట్టిగా లోతుగా లేచి గుంటలు మిగుల్చు మొటిమలకు సీరము చాలదు. మొటిమలతోపాటు నెలసరి తప్పుచు, గడ్డమున రోమములు మొలచుచున్నచో దోషము లోపలనున్నదని గ్రహింపవలెను. గర్భిణులును, బాలింతలును వైద్యుని అడిగియే ఏ పూతనైనను వాడవలెను. ఇందుకై పట్నము పోనక్కఱలేదు. ప్రభుత్వ వైద్యకళాశాలలు మహబూబాబాదున 2022 లోను, జనగామ, భూపాలపల్లిలయందు 2023 లోను ప్రారంభమైనవి. వరంగల్లున మహాత్మాగాంధీ స్మారక వైద్యశాల పూర్వమునుండియు నున్నది.

తల్లులకొక మాట

చర్మము తన పొరను మార్చుకొనుటకే నెలదినములకు పైగా పట్టునని చెప్పితిమి. కావున ఈ సీరము గుణమును రెండు మూడు నెలలకు గాని నిర్ణయింపరాదు. వారములో మాఱుదుననునది దేనినైనను నమ్మరాదు. ఈలోపల బిడ్డ ముఖమును చూచి నిట్టూర్చుటయు, వచ్చినవారి యెదుట మచ్చల ప్రసంగము తెచ్చుటయు మానుడు. తొందరపడి తెల్లని క్రీమునకు చేయి చాచునది ఆ మాటలచే నొచ్చిన బిడ్డయే. మెల్లగా కడుగుట, కొలదిగా పూయుట, ఎండనుండి కాచుట, ఓపికతో వేచియుండుట: ఈ నాలుగింటిని పాటించిన గృహమున బిడ్డ చర్మమును నిలుచును, మనస్సును నిలుచును.