పాట మిగిలింది.. పేరు మరుగైంది

పల్నాడు పత్తిచేలలోనైనా, ప్రకాశం మిరప కల్లాలలోనైనా 'చల్లని రాజా ఓ చందమామ' అని ఒకరు ఎత్తుకుంటే గొంతు కలపని పాతతరం వారు అరుదు. పాడిందెవరంటే మాత్రం తడుముకుంటారు.

1956లో వచ్చిన 'ఇలవేలుపు'లో, సుసర్ల దక్షిణామూర్తి సంగీతంలో, లీల, సుశీలలతో కలిసి ఆ పాట పాడినవారు ఒడిశాకు చెందిన రఘునాథ్ పాణిగ్రాహి. తెలుగులో ఆయన పాడినవి కొద్దిపాటలే. పెళ్ళిపందిళ్ళ మైకుసెట్లలో మోగి, జనం నోట నిలిచింది ఇదే.

మద్రాసులో అవకాశాలు వస్తున్న రోజుల్లోనే, భార్య సంయుక్త ఒడిస్సీ నాట్యానికి పాడేందుకు ఆయన సినిమాలు వదిలేశారు. జయదేవుని గీతగోవిందం గానంతో మెప్పు పొందారు. ఆమె 1997లో, ఆయన 2013లో కన్నుమూశారు.

ఈసారి ఆ పాట వినిపిస్తే పిల్లలకు ఆయన పేరు కూడా చెప్పడం న్యాయం.