ఎండకు కట్టిన ఇళ్లలో చలికాలం

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో జనవరి రాత్రి ఒక్క దుప్పటితో గడిచిపోతుంది. అదే రాత్రి, కొన్ని గంటల ప్రయాణ దూరంలో ఉన్న లంబసింగిలో నెగడు దగ్గర నుంచి లేవబుద్ధి కాదు. సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్లో కొన్ని చలికాలాల్లో పాదరసం సున్నాకు చేరువగా దిగుతుంది. ఆదిలాబాద్ వైపు అంత ఎత్తు లేకపోయినా చలికి లోటు లేదు. సముద్రం దూరం, ఉత్తరాది నుంచి వచ్చే పొడిగాలి, మబ్బు లేని ఆకాశం. ఈ మూడూ కలిసిన రాత్రి, పగలు దాచుకున్న వేడిని నేల గబగబా వదిలేస్తుంది. అందుకే డిసెంబరు వచ్చిందంటే సిర్పూర్(యు), గిన్నెధరి, అర్లి(టి) పేర్లు పత్రికల్లో కనిపిస్తుంటాయి.

మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో, అంతకన్నా కిందికో దిగి, అది మామూలుగా ఉండాల్సిన దానికన్నా కనీసం 4.5 డిగ్రీలు తక్కువైతే వాతావరణ శాఖ శీతల గాలుల హెచ్చరిక చేస్తుంది. సిమ్లాలో ఉండేవాళ్లకు 10 డిగ్రీలు ఒక లెక్క కాదు. కానీ వాళ్ల ఇల్లు చలిని దృష్టిలో పెట్టుకుని కట్టింది, మన ఇల్లు మే నెలను దృష్టిలో పెట్టుకుని కట్టింది. ఎత్తయిన కప్పు, గుమ్మానికి ఎదురుగా గుమ్మం, కిటికీల పైన వెంటిలేటర్లు, కాలికి చల్లగా తగిలే నాపరాళ్లు... ఎండాకాలంలో ప్రాణం నిలిపే ఈ ఏర్పాట్లే పుష్యమాసంలో ఎదురు తిరుగుతాయి. చలికాలంలో ఇంటి లోపల 18 డిగ్రీలకు తగ్గకుండా ఉంటే ఆరోగ్యానికి మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. తెల్లవారుజామున ఏజెన్సీ పల్లెల్లోని రేకుల ఇళ్లకు అది అందని అంకె.

ఇలాంటి ఇంట్లో గదినంతా వేడి చేయాలని చూడటం డబ్బు దండగ. వేడి పుట్టే చోటు ముందే ఉంది. కదలకుండా కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి ఎప్పుడూ బయటికి వస్తుంటుంది. దాన్ని పోనివ్వకుండా పట్టుకోవడమే అసలు పని.

అంతకుముందు ఎండను ఇంట్లోకి రానివ్వాలి. డిసెంబరు చివర్లో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తిన ఉండడు, దక్షిణం వైపు సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే దక్షిణపు కిటికీ తెరిస్తే ఎండ గదిలోకి బాగా లోపలికి వస్తుంది. వాస్తు పట్టింపుతో ఏడాది పొడవునా ఆ కిటికీని మూసి ఉంచే ఇళ్లు ఎన్నో. ఈ రెండు నెలలైనా పదింటి నుంచి మూడు గంటల దాకా దాన్ని తెరిచి, పరుపూ దుప్పట్లూ ఎండ తగిలే చోట వేస్తే చాలు. పొద్దు వాలకముందే తలుపులు, కిటికీలు వేసేయాలి. తలుపు కింది సందులో పాత చీరను చుట్టగా చుట్టి పెడితే కాళ్లకు తగిలే ఈదర ఆగిపోతుంది.

కిటికీలన్నీ మూసినా కొన్ని గదుల్లో వణుకు తగ్గదు. దానికి కారణం పైన ఉంటుంది. కాంక్రీటు స్లాబు రాత్రంతా తన వేడిని ఆకాశానికి వదిలేసి, తెల్లవారేసరికి చల్లబడి ఉంటుంది. మన ఒంటి వేడి ఆ చల్లటి కప్పుకూ గోడలకూ పోతూ ఉంటుంది, గదిలో గాలి కాస్త నయంగా ఉన్నా సరే. రేకులైతే మరీ ఘోరం. రేకుల కింద జానెడు ఎడంగా వెదురు తడికలు కట్టుకున్న ఇల్లు చలికీ ఎండకీ రెండిటికీ మెరుగు, మధ్యలో నిలిచిన గాలి అడ్డుపడుతుంది కనుక. మంచాన్ని గోడకు ఆనించకుండా బెత్తెడు జరపడం మాత్రం ఏ ఇంట్లోనైనా పైసా ఖర్చు లేని పని.

గాలి కదలకుండా ఉంటే దానంత మంచి దుప్పటి లేదు. బొంత వెచ్చగా ఉండటానికి కారణం అదే. పాత నేత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి దగ్గరదగ్గరగా కుట్టినప్పుడు ప్రతి పొర మధ్యా కాస్త గాలి చిక్కుకుంటుంది. ఒక మందపాటి రగ్గుకన్నా రెండు పల్చటి దుప్పట్లు కలిపి కప్పుకోవడం మేలనేదీ ఇందుకే. స్వెట్టరు లోపల ఒక నూలు బనియను, దానిపైన వదులు చొక్కా అన్నా అదే సూత్రం. తడి మాత్రం పనికిరాదు. గాలికన్నా నీరు వేడిని 20 రెట్లకు పైగా వేగంగా లాగేస్తుంది. చెమట పట్టిన బనియనుతో, సరిగా ఆరని దుప్పటితో పడుకుంటే ఎన్ని కప్పుకున్నా లాభం ఉండదు.

ఈ తడి గొడవకు దక్కన్ పీఠభూమి ఎప్పుడో సమాధానం కనిపెట్టింది. అదే గొంగడి. దక్కనీ నల్ల గొర్రెల ఉన్ని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి తెలంగాణలో కురుమలు నేస్తారు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా ఒంటికి తడిగా తోచదు, వెచ్చదనమూ పోదు. మంచు కురిసే రాత్రి మంద దగ్గర కాపలా ఉండే గొర్రెలకాపరికి వానలోనూ చలిలోనూ అదే ఇల్లు. మాంసం కోసం ఉన్ని లేని గొర్రెల పెంపకం పెరగడంతో నల్ల ఉన్ని తగ్గింది, నేసే చేతులూ తగ్గాయి. గరుకుగా గుచ్చుకుంటుందని నగరంలో దాన్ని పక్కన పెట్టారు. నూలు దుప్పటి మీద పైపొరగా కప్పుకుంటే ఆ ఇబ్బందీ లేదు. దొరికితే ఇప్పుడైనా కొనదగిన వస్తువు అది.

కప్పుకునే దాని మీద ఉన్న శ్రద్ధ పరుచుకునే దాని మీద ఉండదు. నులక మంచానికి కింద నుంచి గాలి ఆడుతుంది. వేసవిలో అందుకే అది హాయి. చలికాలంలో ఆ నులక మీద పల్చటి దుప్పటి పరిచి, పైన ఎన్ని రగ్గులు కప్పినా వీపు చల్లగానే ఉంటుంది. బొంతల్లో మందమైనది కిందికి రావాలి. గ్రానైటు, టైల్సు మీద పడుకునేవాళ్లు చాప వేసి, దాని మీద జంపఖానా, ఆపైన పరుపు వేసుకోవాలి.

కరెంటు హీటరు సంగతి. 1,000 వాట్ల హీటరు గంట వెలిగితే ఒక యూనిట్. రెండు లీటర్ల నీళ్లను గది వేడి నుంచి 60 డిగ్రీలకు కాచి రబ్బరు సంచిలో పోయడానికి పట్టేది యూనిట్లో పదో వంతు. ఆ సంచికి గుడ్డ చుట్టి దుప్పటిలో కాళ్ల దగ్గర పెట్టుకుంటే వెచ్చదనం గంటల తరబడి ఉంటుంది. హీటరు అదే కరెంటును ఆరు నిమిషాల్లో ఖర్చు చేసి, ఆ వేడిని వెంటిలేటర్లోంచి బయటికి పంపేస్తుంది. హీటరు తప్పనిసరైన ఇంట్లో దానికి పెద్ద సాకెట్టే వాడాలి. 2,000 వాట్ల హీటరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. సెల్‌ఫోన్ చార్జర్ పెట్టే చిన్న సాకెట్టు, ఎక్స్‌టెన్షన్ బోర్డు అంత మోయలేవు, వేడెక్కి కాలిపోతాయి. దోమతెరకూ దుప్పటికీ దూరంగా పెట్టి, నిద్రకు ముందే ఆపేయాలి.

ఇక నిప్పు. కశ్మీర్‌లో ఫెరన్ అనే వదులు అంగీ లోపల కాంగ్రీ పట్టుకు తిరుగుతారు. మట్టి మూకుడు చుట్టూ వెదురులాంటి పుల్లలతో అల్లిన బుట్ట, అందులో బొగ్గు నిప్పులు. గదిని వదిలేసి మనిషిని వెచ్చబెట్టే ఉపాయమే అది. అయితే ఏళ్ల తరబడి ఆ వేడి తగిలిన పొట్ట మీదా తొడల మీదా చర్మ క్యాన్సర్ రావడాన్ని అక్కడి వైద్యులు వందేళ్ల కిందటే గుర్తించారు.

మన కుంపటితో వచ్చే ప్రమాదం అంతకాలం ఆగదు. ఒక్క రాత్రి చాలు. నెగడు ఆరాక మిగిలిన నిప్పుల్ని కుంపట్లోకి ఎత్తి, గదిలో పెట్టుకుని, తలుపులు బిగించుకుని పడుకున్న కుటుంబాలు తెల్లారేసరికి లేవని ఘటనలు దేశంలో ప్రతి చలికాలం జరుగుతున్నాయి. పొగ లేదు కదా, కణకణలాడే నిప్పే కదా అనుకోవడమే కొంప ముంచుతోంది. పొగ రాని బొగ్గు నుంచే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది, ఇక ఆక్సిజన్‌కు చోటుండదు. మెలకువలో ఉన్నవాళ్లకు తలనొప్పి, తల తిరగడం, వికారం తెలుస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు. గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజరు చేసేదీ ఇదే. గది వెచ్చబడుతుందని గ్యాస్ పొయ్యి వెలిగించి వదిలేయడమూ అంతే. కుంపటి కావాలంటే వసారాలోనో వాకిట్లోనో పెట్టుకుని, చలి కాచుకుని, నిప్పుల్ని బయటే ఆర్పి లోపలికి రావాలి. కిటికీ కాస్త తెరిచాంలే అన్న ధీమా కూడా పనికిరాదు.

వృద్ధుల ఒళ్లు చలిని ఆలస్యంగా పసిగడుతుంది. ఒంటి వేడి 35 డిగ్రీలకన్నా తగ్గితే అది వైద్యం అందాల్సిన స్థితి. మాట తడబడటం, మత్తుగా ఉండటం, వణుకు ఆగిపోవడం దాని గుర్తులు. చలికి రక్తనాళాలు బిగిసి బీపీ పెరుగుతుంది కాబట్టి గుండె జబ్బున్నవాళ్లు ఎండ వచ్చాకే నడకకు వెళ్లాలి. వేడి పుట్టిస్తుందని తాగే మద్యం చర్మానికి రక్తం పంపి, లోపలి వేడిని బయటికి తోలేస్తుంది. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు తల్లి రొమ్ము మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టడాన్ని మించిన వెచ్చదనం లేదు. 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైన ఈ కంగారూ పద్ధతిని ఇప్పుడు ప్రపంచమంతా పాటిస్తున్నారు. ఏ బిడ్డకైనా నిద్రలో ముఖం మీద దుప్పటి పడకుండా చూడాలి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అప్పటి దాకా ఏ ఇంట్లోనైనా ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, వాంతులు మొదలైతే అది పడిశం అనుకోవద్దు. తలుపులన్నీ తెరిచి, అందరినీ ఆరుబయటికి తెచ్చి, వెంటనే 108కి ఫోన్ చేయండి.