పేదరికమును వరముగా గోరిన క్లారా

సంపదలు గోరి దేవుని వేడుకొనువారిని మనము నిత్యము చూచుచునే యున్నాము. తమ పేదరికమును తమనుండి యెవ్వరును తీసివేయకుండ శాసనము వ్రాసి యిమ్మని యడిగినవారు మాత్రము లోకమున మిక్కిలి యరుదు. అట్లడిగి సాధించినది యొక స్త్రీ. ఇటలీ దేశమందలి అస్సీసీ పట్టణమున బుట్టిన క్లారా యామె. ఆమె పేర వెలసిన కథోలిక సన్న్యాసినీ సంఘమును గూర్చి సోదరీమణులకు గొంత తెలుపదలచితిమి.

క్లారా 1194 ప్రాంతమున ఘనమైన వంశమున జనించెను. ఈడు రాగానే బంధువులు వివాహము చేయ నుద్దేశించిరి. ఆమె యొడంబడలేదు. ఆ పట్టణముననే వస్త్రవర్తకుని కుమారుడైన ఫ్రాన్సిసు సర్వస్వమును విడిచి, భిక్షుకుడై బోధించుచుండెను. ఆతని మాటలామె హృదయమున నాటుకొనెను. 1212వ సంవత్సరమున మట్టల ఆదివారమునాటి రాత్రి యామె రహస్యముగ నిల్లు వెడలి, ఊరి వెలుపలనున్న చిన్న దేవాలయమును జేరెను. అచ్చట ఫ్రాన్సిసు ఆమె తలవెండ్రుకలు కత్తిరించి, ముతక వస్త్రము నొసగెను.

బంధువులు వెదకుచు వచ్చి మరల్పజూచిరి. ఆమె బలిపీఠపు వస్త్రమును గట్టిగ బట్టుకొని, కత్తిరించిన తలను వారికి జూపెను. వారు చేయునది లేక తిరిగిపోయిరి. కొలది దినములలోనే చెల్లెలు ఆగ్నెసు అక్కను గలిసికొనెను. పిదప మరియొక చెల్లెలును, తల్లియగు ఒర్తోలానాయు వచ్చి క్లారా చెంతనే సన్న్యసించిరి. తల్లి కూతురికి శిష్యురాలగుట యెంత వింత!

సాన్ దమియానో అను చిన్న మఠము వీరి నివాసము. ఆవరణము దాటి యూరక వెలికి రారు. చెప్పులు తొడుగరు. ఉపవాసములు మెండు, మాటలు కొలది. రాత్రివేళ లేచి ప్రార్థనలు సలుపుదురు. చేతిపనియు భిక్షయు జీవనాధారములు. క్లారా యనేక సంవత్సరములు రోగగ్రస్తయై మంచము పట్టియు, దిండ్ల కానుకొని కూర్చుండి నూలు వడికి, దేవాలయములకు బలిపీఠ వస్త్రములు సిద్ధపరచుచుండెను.

ఆ కాలమున స్త్రీల మఠములకు భూములును రాబడియు నుండుట వాడుక. ఆస్తి లేక స్త్రీలు నాలుగు గోడల నడుమ నెట్లు బ్రతుకుదురని పెద్దల భయము. తొమ్మిదవ గ్రెగొరీ పోపు ఆమెకు ఆస్తి నీయజూపి, పేదరికపు వ్రతమునుండి విడుదల చేయుదుననెను. తనకు వలసినది పాపములనుండి విడుదలయే కాని, క్రీస్తు ననుసరించుటనుండి కాదని యామె బదులు చెప్పినట్లు చరిత్రకారులు వ్రాసిరి. ఆస్తి గైకొనుమని వారి నెవ్వరును నిర్బంధింపరాదని 1228లో ఆ పోపే శాసనమిచ్చెను.

అంతటితో నామె తృప్తి చెందలేదు. అంతవరకు స్త్రీల మఠములకు నియమావళులు వ్రాసినవారు పురుషులు. క్లారా తన సోదరీమణులకై తానే నియమావళి వ్రాసెను. క్రైస్తవ సన్న్యాసినులకై స్త్రీ వ్రాసిన నియమావళులలో మనకు దెలిసిన మొదటిది యిదియే. మఠాధికారిణిని సోదరీమణులే యెన్నుకొనవలెను. వారమున కొకసారి యైన నందరును గూడి యాలోచింపవలెను. అందరి సమ్మతి లేక పెద్ద ఋణము చేయరాదు. బాలికలకును దుర్బలలకును ఉపవాసము సడలింపవచ్చును. ఇంటి పెత్తనము నెఱిగినవారికి వీని విలువ వేరుగ జెప్పనక్కఱలేదు.

నాలుగవ ఇన్నొసెంటు పోపు ఆ నియమావళిని 1253 ఆగస్టు 9వ తేదీని స్థిరపరచెను. రెండు దినములకు, 11వ తేదీని, క్లారా కన్నుమూసెను. 1255లో ఆమెను పునీతురాలిగ బ్రకటించిరి.

ఆమె జీవించియుండగానే సంఘము దూరదేశములకు వ్యాపించెను. చక్రవర్తితోడి సంబంధమును గాదనిన బొహీమియా రాజకుమార్తె ఆగ్నెసు 1234లో ప్రాగు నగరమున నీ వ్రతమునే స్వీకరించెను. ఆమెకు క్లారా వ్రాసిన జాబులు నాలుగు నేటికిని నిలిచియున్నవి. మన దేశమున కేరళమందు 1888లో క్లారా పేర నొక సంఘము వెలసెను. 2008లో పునీతురాలిగ బ్రకటింపబడిన అల్ఫోన్సా యీ సంఘమునకు జెందినదే.

మనమెల్లరమును మఠములకు బోవలెనని మేము చెప్పుటలేదు. ఏది వలయునో, ఏది వలదో తానే నిశ్చయించుకొని, నలువదియేండ్లు వినయముతో దానినే పట్టి నిలిచిన యా స్త్రీ ధైర్యము మాత్రము గృహములందున్న మనకును స్మరణీయమని మా తలంపు.