మజా కావాలి, జేబు చిరగొద్దు: షార్జాలో సెకండ్ హ్యాండ్ కారు

ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన ముచ్చట ఇది.

మా సైట్‌లో ఒక తమ్ముడికి లైసెన్స్ రాగానే మస్టాంగ్ మీద కన్ను పడ్డది. రేటు చూస్తే కరోలా అంతే! ఎందుకంటే అమెరికాలో యాక్సిడెంటై, వేలంలో అమ్ముడుపోయిన బండ్లు చాలా ఇక్కడికొచ్చి, రిపేరై, మెరుస్తూ నిలబడతాయి. లోపల ఎయిర్‌బ్యాగ్ ఉందో, ఉత్త కవరే ఉందో మన కంటికి తెలీదు. నేనూ ఒకసారి అలాంటిదే కొన్నా. మూడు నెలల జీతం గేర్‌బాక్స్‌కే పోయింది.

అందుకే జీసీసీ స్పెక్ అడగండి. ఈ ఎండకు తగ్గ కూలింగ్‌తో వస్తాయి. సన్నీ చవకే గానీ, నడుపుతుంటే నిద్రొస్తది. స్విఫ్ట్ తేలిక బండి, మలుపుల్లో హుషారు. ఇంకొంచెం పెట్టగలిగితే మాజ్దా 3.

బండి చూడ్డానికి మిట్టమధ్యాహ్నం వెళ్లండి. బండి కదలకుండా ఇరవై నిమిషాలు ఏసీ నడపండి, చల్లదనం తగ్గుతుందేమో తెలుస్తది. టైరు మీద నాలుగంకెలు చూడండి: 2322 అంటే 2022లో 23వ వారం తయారీ. ఛాసిస్ నంబర్‌తో హిస్టరీ తీయించి, టెస్టింగ్ సెంటర్‌లో ఫుల్ చెకప్ చేయించాకే బేరం. పాత ఫైన్లు కట్టందే ట్రాన్స్‌ఫర్ కాదు, కాబట్టి ముల్కియా మీ పేరు మీదికి మారేదాకా మొత్తం డబ్బు చేతిలో పెట్టొద్దు.

తమ్ముడు రెండు వారాలు అలిగి, చివరికి స్విఫ్ట్ తీసుకున్నాడు. ఇప్పుడు ఆదివారమొస్తే ఖోర్‌ఫక్కాన్ రోడ్డెక్కుతున్నాడు. పెట్రోల్ నాతోనే పోయిస్తాడు, అది వేరే కథ.